మైదా మానేశాక నూడుల్స్ కోరిక తీరేదెట్లా?

డైట్ మొదలుపెట్టిన రెండు మూడు రోజులు ఎవరైనా బాగానే లాగిస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాత వస్తుంది. సాయంత్రం ఏడు గంటల వేళ జగిత్యాల బస్టాండు వైపో, కోరుట్ల మెయిన్ రోడ్డు మీదో నడుస్తుంటారు. ఫాస్ట్ ఫుడ్ బండి మీద పెద్ద మంట, ఆ మంట మీద మూకుడు ఎగరేస్తూ ఒకతను, ఎల్లిగడ్డ మాడీ మాడని వాసన. "అన్నా, ఒక ఎగ్ నూడుల్స్ కట్టు" అనే మాట నోటి నుంచి వచ్చేశాక గానీ డైట్ గుర్తుకు రాదు.

మీకూ ఇదే జరుగుతోందా? "మనసు దిట్టం చేసుకోండి" అని నేను చెప్పను. మనసు ఎంత దిట్టంగా ఉన్నా రాత్రి ఎనిమిదికి ఆకలేస్తుంది. ఆ ఆకలికి ఇంట్లో ఏదో ఒకటి సిద్ధంగా లేకపోతే బండిదే గెలుపు. కాబట్టి పొడుగ్గా, కారంగా, పొగలు కక్కుతూ పళ్లెంలోకి వచ్చే తిండి ఒకటి ఇంట్లోనే చేసుకోవడం నేర్చుకుందాం. వీడియోల్లో చూపించే జుకినీ కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. కావలసిన సరుకంతా మన వారపు అంగట్లోనే ఉంటుంది.

1. ముందు మీ డైట్ ఏది వద్దంటుందో రాసుకోండి

"డైట్ చేస్తున్నా" అంటే మన దగ్గర ఒకటే డైట్ కాదు. ఖాదర్ వలీ గారి పద్ధతిలో ఉన్నవాళ్లు (2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది) బియ్యం, గోధుమ మానేసి కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు తింటారు. వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి పట్టినవాళ్లకు ఆ కొర్రలు కూడా పనికిరావు. పిండిపదార్థం దాదాపు మొత్తం ఆపేసి కొవ్వు మీద నడుస్తారు. మంతెన సత్యనారాయణ రాజు గారి దారిలో ధాన్యం ఉంటుంది, ఉప్పూ నూనే ఉండవు. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో చెప్పే హోల్ థర్టీ ఇంకొకటి. 2009లో అక్కడ మొదలైంది. ముప్పై రోజులపాటు ధాన్యం, పప్పు, పాలు, చక్కెర ముట్టరు. ఇవేవీ కాకుండా, డాక్టరు "మైదా తగ్గించమ్మా" అన్నందుకు మానేసినవాళ్లు ఎంతోమంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఒక డైట్‌లో ఉంటూ వేరే డైట్ వాళ్ల వంట చూసి చేస్తారు. పిండిపదార్థం మానేసిన వదిన, పక్కింటి అక్క చెప్పిందని కొర్ర ఉప్మా తిని, తూకం ఎందుకు తగ్గట్లేదని అడుగుతుంది. తగ్గకపోవడంలో కొర్రల తప్పేముంది?

ఒక కాగితం తీసుకుని రెండే ప్రశ్నలు రాయండి. నాకు ధాన్యం చెల్లుతుందా? గుడ్డు చెల్లుతుందా? ధాన్యం చెల్లనివాళ్లకు కింద చెప్పే క్యాబేజీ, సొరకాయ, గుడ్డు. చెల్లేవాళ్లకు కొర్ర నూడుల్స్ కూడా.

ఏ డైట్ మంచిదో తేల్చే పని ఈ అధ్యాయం పెట్టుకోలేదు. కానీ షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లకు ఒక మాట. మందు అదే మోతాదులో వేసుకుంటూ అన్నం, రొట్టె ఒక్కసారిగా ఆపితే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. ముందు డాక్టరుతో మాట్లాడండి, ఆ తర్వాతే ఈ వంటలు.

2. నాలుక అడిగేది నూడుల్సునా, మసాలానా?

ఉప్పు కారం లేకుండా ఉడకబెట్టిన నూడుల్స్ ఒక గిన్నెడు ముందు పెడితే తింటారా? తినరు. మైదాకు చెప్పుకోదగ్గ రుచి లేదు. మనల్ని బండి దగ్గరికి లాగేది ఎల్లిగడ్డ, మిరియం, పులుపు, పెద్ద మంట. అందుకే నూడుల్సుకు బదులు ఏం వేయాలా అని వెతికే ముందు మసాలా సంగతి చూడండి.

మైదా మానేశామని సంబరపడి, కూరగాయల మీద సోయా సాస్, చిల్లీ సాస్, టమాట సాస్ మూడూ గుమ్మరించేవాళ్లు చాలామంది. మామూలు సోయా సాస్‌లో సోయాతో పాటు గోధుమ కూడా ఉంటుంది. మిగతా రెండింట్లో చక్కెర ఉంటుంది. అంటే ముందు గుమ్మంలోంచి పంపించినవాళ్లు పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చినట్టే.

ఇంట్లో చేసుకునే ముద్ద ఇది. నాలుగైదు ఎండుమిరపకాయలు వేడినీళ్లలో నానబెట్టండి. పొట్టు తీసిన ఎల్లిగడ్డ ఒకటి, బొటనవేలంత అల్లం, ఒక టమాట, ఆ మిరపకాయలు కలిపి మిక్సీ పట్టండి. మూకుట్లో కొంచెం నూనె వేసి పచ్చివాసన పోయి, అంచుల దగ్గర నూనె తేలేదాకా వేయించండి. సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం వాడుకోవచ్చు. వండేటప్పుడు ఒక చెంచా చాలు. దించాక నిమ్మరసం పిండండి, మిరియాల పొడి చల్లండి.

ఆ పైన నువ్వులు. దోరగా వేయించి, మరీ పొడి చేయకుండా కచ్చాపచ్చాగా దంచి చివర్లో చల్లితే చైనీస్ హోటల్ వాసన వచ్చేస్తుంది. ఈ ఒక్క పని చేసినవాళ్లు సోయా సాస్ ఊసెత్తరు. జగిత్యాల వైపు నువ్వులకు కరువేముంది? పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి నువ్వుల రకాలే బయటికి వచ్చాయి. నూనె మానేసినవాళ్లు ఆ ముద్దను నీళ్లతోనే ఉడికించి, నువ్వుల్లో ఉన్న నూనెతో సరిపెట్టుకోవచ్చు.

3. క్యాబేజీ

ఏమీ రానివాళ్లు, ఓపిక లేనివాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి. గడ్డను సగానికి కోసి, మొదలు దగ్గరి గట్టి భాగం తీసేసి, కత్తి ఎంత సన్నగా నడిస్తే అంత సన్నగా పొడుగ్గా తరగండి. తురమొద్దు, తురిమితే పోగు ఉండదు. మూకుడు బాగా కాలాక నూనె, ఉల్లిగడ్డ, క్యాబేజీ, ఒక చెంచా ముద్ద. పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు. మూత పెట్టారా, అది నూడుల్స్ కాదు, కూర.

బండి వాళ్లు నూడుల్సులో ఎలాగూ క్యాబేజీ వేస్తారు. మనం దాన్ని మాత్రమే వేస్తున్నాం, అంతే.

4. సొరకాయ పట్టీలు: నీళ్లతోనే పేచీ

విదేశీ పుస్తకాల్లో జుకినీ అన్నచోటల్లా లేత సొరకాయ పెట్టుకోండి. కానీ సొరకాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. మొదటిసారి చేసినవాళ్లలో చాలామంది "చారు తయారైంది" అని వదిలేయడానికి కారణం అదే.

గోరు గుచ్చితే దిగే లేత కాయ తెచ్చుకోండి. చెక్కు తీశాక చిన్న ముక్క పచ్చిదే నమిలి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి. "ఉడికితే పోతుందిలే" అనుకోవద్దు. ఆ చేదు విషపదార్థం, ఉడికించినా పోదు. ఇరవై రూపాయల కాయ కోసం ఆసుపత్రి పాలు కావొద్దు.

చేదు లేదు కదా? పీలర్‌తో కాయ పొడుగునా లాగుతూ పోండి, రిబ్బన్లలా పట్టీలు వస్తాయి. గింజలు కనబడగానే ఆపి కాయను పక్కకు తిప్పండి. నడిమి గింజల భాగం పప్పులో వేసుకోండి. నాలుగైదు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కత్తితో సన్నగా నిలువునా కోయండి. అర చెంచా ఉప్పు చల్లి జల్లెడలో పది నిమిషాలు ఉంచండి. అడుగున గిన్నెలోకి నీళ్లు దిగుతుంటాయి. తర్వాత బట్టలో వేసి గట్టిగా పిండండి. గిన్నెడు పట్టీలు గుప్పెడవుతాయి, కంగారు పడొద్దు, కాయ ఇంకొకటి తెచ్చుకుంటే సరి. కాలిన మూకుట్లో ముద్ద ముందు వేయించి, పట్టీలు చివర వేసి రెండు నిమిషాల్లో దించేయండి. ఉప్పు మళ్లీ వేయొద్దు, పట్టీలకు ముందే పట్టింది. ఉప్పు తినని డైట్‌లో ఉన్నవాళ్లకు ఈ దారి కుదరదు, క్యాబేజీయే మేలు.

బీరకాయ ఇంకా తొందరగా మెత్తబడుతుంది. దాన్ని సూప్ నూడుల్సుకు ఉంచుకోండి.

5. గుడ్డు పట్టీలు

పిండిపదార్థం పూర్తిగా మానేసి, కూరగాయలతో కడుపు నిండట్లేదనే వాళ్లకు ఇది. రెండు గుడ్లు, చిటికెడు పసుపు, మిరియం వేసి గిలక్కొట్టి, పెనం మీద పలుచగా, కాగితమంత మందంలో అట్లు పోయండి. రెండు గుడ్లకు రెండు మూడు అట్లు రావాలి. మందంగా పోస్తే అది ఆమ్లెట్ ముక్కల్లాగే ఉంటుంది, నూడుల్స్ అనిపించదు. చల్లారాక చుట్టి, కత్తెరతో సన్నగా కత్తిరిస్తే పోగులు విప్పుకుంటాయి.

కోరుట్లలో బీడీలు చుట్టే అక్కల సంగతే తీసుకోండి. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి, చుట్టి, సాయంత్రానికి నడుము పట్టేసి ఉంటుంది. ఆ పూట కత్తిపీట ముందు కూర్చుని కూరగాయలు తరగమంటే ఎవరు తరుగుతారు? కత్తెర పనైతే ఆ చేతులకు క్షణాల్లో అయిపోతుంది. (ఆకు కత్తిరించే కత్తెర కాదు సుమా, పొగాకు వాసన వదలదు. వంటింటికి వేరే కత్తెర పెట్టుకోండి.) పిల్లలకు మామూలు నూడుల్స్ చేసిపెట్టి తాను మాత్రం చూస్తూ కూర్చునే అవసరం లేకుండా, అదే మసాలాతో తన పళ్లెంలో గుడ్డు పట్టీలు కలుపుకోవచ్చు. క్యాబేజీ సగం, గుడ్డు సగం వేస్తే ఇంకా బాగుంటుంది.

6. కొర్రలతో అసలు నూడుల్స్

ధాన్యం చెల్లే డైట్ అయితే మీరు అదృష్టవంతులు. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే ఎక్కువమంది ఒకసారి చేసి, పోగులు విరిగి పిండి పిండి అయ్యాక "కొర్రలతో కాదు" అని తేల్చేస్తారు.

ఎందుకు విరుగుతాయి? గోధుమ పిండిని సాగదీసేది గ్లూటెన్ అనే జిగురు. కొర్రల్లో, జొన్నల్లో, బియ్యంలో అది లేదు. మరి మీ అవ్వ జొన్నరొట్టె విరగకుండా ఎలా చేస్తుంది? పిండిలో సలసల కాగే నీళ్లు పోస్తుంది. ఆ వేడికి పిండిలోని గంజి మెత్తబడి, రేణువుల్ని ఒకదానికొకటి అంటిస్తుంది. సిరిసిల్ల వాళ్లకైతే ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది: నూలు పడుగు మగ్గం మీద తెగకుండా ముందే సైజింగ్‌లో గంజి పట్టించినట్టు, కొర్ర పోగుకు కూడా ముందే గంజి పట్టించాలి.

ఈ కిటుకు ఎంత పాతదంటే, చైనాలో లాజియా అనే చోట బోర్లాపడిన మట్టి గిన్నె కింద దాదాపు 4000 ఏళ్ల నాటి నూడుల్స్ దొరికాయి. అవి కొర్రలు, వరిగలతో చేసినవని 2005లో నేచర్ పత్రికలో రాశారు. జిగురు లేని పిండితో అంత పొడుగు పోగులు ఎలా వస్తాయని వేరే శాస్త్రవేత్తలు గట్టిగానే వాదనకు దిగారు. పిండిని వేడితో జిగురుగా మార్చి చిల్లుల్లోంచి నొక్కితే వస్తాయని తర్వాత చేసి చూపించారు. చిల్లుల్లోంచి నొక్కే సాధనం మన ప్రతి ఇంట్లో ఉంది, మురుకుల గొట్టం. ఏడాదికి రెండుసార్లు పండక్కి తీసి, కడిగి, మళ్లీ అటకెక్కిస్తాం.

ఇద్దరికి రెండు కప్పుల కొర్రపిండి. గిర్నిలో మెత్తగా పట్టించి జల్లించండి. గోధుమ అస్సలు పడనివాళ్లయితే గిర్ని ఆయనకు ముందే చెప్పాలి: "అన్నా, గోధుమలు పట్టినంక వద్దు, జొన్నలు పట్టినంక మావి పట్టు." గోధుమతో నిజంగా జబ్బు పడేవాళ్లకు అంతమాత్రం జాగ్రత్త చాలదు, ఇంట్లో మిక్సీయే దారి.

పిండిలోంచి అర కప్పు తీసి, రెండు కప్పుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఉప్పు, చెంచా నూనె వేసి పొయ్యి మీద పెట్టండి. గంటెతో తిప్పుతుంటే నాలుగైదు నిమిషాల్లో చిక్కటి గంజి అవుతుంది. మంట ఆర్పి మిగతా పిండి అందులో పోసి, గంటె కాడతో కలిపి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత చేయి తడి చేసుకుని బాగా పిసకండి. వేలితో నొక్కితే పగుళ్లు రాకూడదు. వస్తే వేడినీళ్లు చిలకరించండి, చన్నీళ్లు కాదు. చేతికి అంటుకుంటుంటే నీళ్లు ఎక్కువైనట్టు, రెండు చెంచాల పొడిపిండి కలపండి.

గొట్టంలో సన్న కారప్పూస బిళ్ల వేసి, నూనె రాసిన ఇడ్లీ ప్లేట్ల మీద నొక్కి, పది నిమిషాలు ఆవిరి పట్టండి. ఇక్కడే ఆగాలి. ఆవిరి మీద నుంచి తీసిన వెంటనే కదిపితే ముద్దవుతుంది. పావుగంట చల్లారనిస్తే పోగు గట్టిపడుతుంది, అప్పుడు వేళ్లతో విడదీయండి. మూకుట్లో మసాలా, ఉల్లికాడలు, క్యాబేజీ ముందు వేయించి, పోగులు చివర వేసి, గంటెతో కలపకుండా మూకుడునే రెండుసార్లు ఎగరేసి దించండి.

ఖాదర్ వలీ పద్ధతి కాకుండా గోధుమ మాత్రమే మానేసినవాళ్లు జొన్నపిండితోనో, తైదపిండితోనో, బియ్యప్పిండితోనో ఇలాగే చేసుకోవచ్చు. బియ్యప్పిండితో చేస్తే అది తమిళుల ఇడియాప్పమే. కొత్తవాళ్లకు అన్నింటికంటే సులువు కూడా అదే.

సిరిసిల్లలో రాత్రి షిఫ్టు మగ్గం మీద ఉండే అన్నకు టిఫిన్‌లో కట్టివ్వాలంటే ఈ కొర్ర నూడుల్సే ఇవ్వండి. సొరకాయ పట్టీలు అర్ధరాత్రికి నీళ్లూరి ఉంటాయి. కొర్ర పోగులు చల్లారినా తినబుద్ధవుతాయి, పొద్దుటిదాకా కడుపులో నిలుస్తాయి.

7. ప్యాకెట్ వెనక్కి తిప్పండి

"మిల్లెట్ నూడుల్స్" అని ముందు పెద్ద అక్షరాలు, కొర్రకంకి బొమ్మ. కొనేశారా? వెనక్కి తిప్పి పదార్థాల వరుస చదవండి. మన దేశంలో ఆ వరుస తూకం ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు రాయాలి. మొదటి పేరే గోధుమ పిండో మైదానో ఉండి, కొర్రపిండి నాలుగో చోట కనబడితే, మీరు కొంటున్నది కొర్ర బొమ్మ ఉన్న గోధుమ నూడుల్స్. ఇంగ్లిషులో "రిఫైన్డ్ వీట్ ఫ్లోర్" అంటే మైదాయే. "ఆటా" అని ఉన్నవి మైదా కంటే మేలు కావచ్చు, గోధుమ మానేసినవాళ్లకు మాత్రం రెండూ ఒకటే. పామాయిల్ ఉందా, నూనెలో వేయించినవా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. లోపల వచ్చే మసాలా పొట్లం వరుస విడిగా చదవండి, ఉప్పూ చక్కెరా అందులో దాక్కుంటాయి.

దుబాయ్‌లోనో మస్కట్‌లోనో రూముల్లో వండుకునే మన వాళ్లకు ఒక అదనపు దారి ఉంది. పెద్ద సూపర్ మార్కెట్లలో షిరటాకి పేరుతో నీళ్లలో తేలే తెల్లటి నూడుల్స్ అమ్ముతారు. మన కంద జాతికే చెందిన కొంజాక్ అనే దుంప పిండితో చేస్తారు, పిండిపదార్థం మానేసినవాళ్లకు సరిగ్గా సరిపోతాయి. తెరవగానే ఒక రకమైన నీచువాసన వస్తుంది, పాడైపోయాయని పారేయకండి. రెండుసార్లు కడిగి, నూనె లేని మూకుట్లో నీళ్లు ఇగిరేదాకా వేయిస్తే పోతుంది. రోజూ కొనే ధర కాదు. కోరిక మరీ చంపే రోజుకు దాచుకోండి.

8. దోస్తులతో బండి దగ్గరికి పోవాల్సి వస్తే

పోండి. పక్కన నిలబడి నీళ్ల సీసా పట్టుకుని నీతులు చెప్పేవాడి కంటే తినేవాడే నయం. ఇలా అడగండి: "అన్నా, నూడుల్స్ వెయ్యకు. రెండు గుడ్లు, క్యాబేజీ, ఉల్లికాడలు, మిరియాల పొడి. సాస్‌లు ఏవీ వద్దు." నూడుల్స్ పైసలే ఇస్తానని ముందే చెబితే పేచీ ఉండదు. అజినమోటో కూడా వద్దనుకుంటే అదీ ముందే చెప్పాలి, మూకుట్లో పడ్డాక ఏం లాభం?

9. ఎండాకాలంలో చేసి పెట్టుకోండి

రోజూ పిండి ఉడికించి గొట్టం తిప్పడం ఎవరి వల్లా కాదు. మార్చి నుంచి మే దాకా మన వైపు ఎండలు ఊరికే పోతున్నాయా? ఒడియాలు పెట్టే రోజునే రెండు కిలోల కొర్రపిండితో పోగులు నొక్కి, ఆవిరి పట్టి, చల్లారాక మేడ మీద తెల్లటి బట్ట పరిచి పలుచగా ఆరబెట్టండి. మొదటి పూట నీడలో పెట్టండి. ఒక్కసారిగా మండుటెండలో వేస్తే పోగులు పగిలి ముక్కలవుతాయి. రెండు మూడు రోజులకు, విరిస్తే టక్కున విరిగేంతగా ఎండుతాయి. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది, అనుమానంగా ఉంటే ఇంకో రోజు ఎండబెట్టండి. గాలి తగలని డబ్బాలో పోసి, కావాల్సిన రోజు మరిగే నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు వేసి, వార్చి, చన్నీళ్లతో ఒకసారి కడిగి, నేరుగా మూకుట్లోకి. ఫ్రిజ్‌లో మసాలా ముద్ద కూడా ఉంటే మొత్తం పని పది నిమిషాలు దాటదు.